వదిలేసిన కన్ను

నేను ఒక టేకు చెక్కను. పొడవు మూరెడు ఉంటానేమో, వెడల్పు అంతకు కాస్త తక్కువ. నల్లమలలో పుట్టానని అంటారు కానీ ఆ సంగతులేవీ నాకు జ్ఞాపకం లేవు. ఊహ తెలిసేసరికి ఒక హైస్కూలు తొమ్మిదో తరగతిలో డెస్కు పైపలకగా ఉన్నాను.

డెస్కుగా నా కాలమంతా పిల్లలు కంపాసు ముల్లుతో నా మీద పేర్లు చెక్కడంతోనూ, అయ్యవార్లు వాళ్ల వీపులు వాయించడంతోనూ గడిచింది. ఎవరి పేరు వాళ్లకు తెలిసిందే కదా, దాన్ని మళ్లీ చెక్క మీద చెక్కుకోవడం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

సుంకులమ్మ అనే పిల్ల మాత్రం పేరు చెక్కలేదు. లెక్కల పీరియడ్‌లో నా మూలన ఒక పక్షిని చెక్కింది. అది కోడో పందో చెప్పడం కష్టం. లెక్కల సారు ఆ పిల్లను బయట నిలబెట్టి, వరండాలో పోతున్న డ్రాయింగ్ టీచర్ని పిలిచాడు.

"మీ శిష్యురాలి నిర్వాకం చూడండి మేడం."

ఖాసింబీ టీచర్ వంగి, ఆ గీతల్ని వేలితో తడిమింది. "కాళ్లు బాగొచ్చినాయి సార్" అని మాత్రం అంది. సారు మొహం చూడాలి అప్పుడు. కొన్నాళ్లకు డెస్కు కాళ్లు విరిగి నన్ను స్టోర్‌రూమ్‌లో పడేస్తే, హెడ్‌మాస్టర్ని అడిగి నన్ను తెచ్చుకున్నది ఆమే. పేర్లున్న వైపు అలాగే ఉంచి, రెండో వైపు అద్దంలా నున్నగా రుద్దింది. ఏ పని చేసినందుకు పిల్లలు దెబ్బలు తిన్నారో, ఆ పనికే ఆమె దగ్గర మార్కులు పడతాయని నాకు అప్పుడు తెలిసింది.

డ్రాయింగ్ పీరియడంటే సిలబస్ మిగిలిపోయిన వాళ్లందరూ పంచుకునే ఉమ్మడి ఆస్తి. ఖాసింబీ టీచర్ మాత్రం తన పీరియడ్‌ను ఎవరికీ ఇచ్చేది కాదు. ఆదివారమొస్తే ఊరి బయట బీడులో, గడ్డి మధ్య కూర్చుని పక్షుల్ని గీసేది. ఊళ్లోవాళ్లు నవ్వేవారు. "వదిలేసిన నేల టీచర్ అది, యాడేముంటాది గీయనీకి?" అని అడిగేవారు. "వదిలేసినారు కాబట్టే ఉన్నాయప్పా" అనేది ఆమె.

ఆ బీడులోనే వయసులో ఉండగా ఆమె బట్టమేక పిట్టను చూసింది. ఇప్పుడది ఆ చుట్టుపక్కల ఎవరికీ కనబడడం లేదు. పిల్లలకు దాని గురించి చెబుతుంటే నేను కూడా చెవులు రిక్కించేవాణ్ని, చెక్కకు చెవులుంటే. "మీ నడుమంత ఎత్తు ఉంటాది. మెడ తెల్లగా, నెత్తిన నల్ల టోపీ. గడ్డిలోనించి తలెత్తి నన్ను చూసింది. నా చేతిలో పెన్సిలుండేదే మర్చిపోయినా" అనేది. ఆ చూపును కాగితం మీద అచ్చువేసి ఊళ్లో ఇంటింటికీ ఒకటి ఇవ్వాలన్నది ఆమె కోరిక. దాన్ని చూసినవాళ్లెవరైనా ఆ బీడును దున్నడానికి ఒక్క క్షణం వెనకాడతారని ఆమె ఆశ.

ఆ పక్షిని నా మీద తిరగేసి గీసింది. నా మీద ఎడమకు చూసేది కాగితం మీద కుడికి చూస్తుంది. ముందు మెడ చెక్కేసింది, అది కాగితంలా తెల్లగా ఉండిపోవాలి. తర్వాత రోలర్‌తో నాకు పసుపు రంగు పూసి, కాగితం పరిచి, అన్నం గరిటె వెనకవైపుతో రుద్దింది. అన్ని కాగితాల మీదా పసుపు పడింది. ఇక ఎక్కడ పసుపు మిగలాలో అక్కడ నన్ను చెక్కేసి, మిగతాదానికి ఇటుకరంగు పూయాలి. మళ్లీ చెక్కి, చివర నలుపు. ఒక్కో రంగుకూ నేను కొంత పోతాను. చెక్కింది తిరిగి రాదు. తప్పు జరిగితే ఆరబెట్టిన కాగితాలన్నీ చెత్తే, నేనూ చెత్తే. నాకు భయం వేయలేదంటే అబద్ధం.

సరిగ్గా పసుపు దగ్గర ఆమె కళ్లు ఎదురు తిరిగాయి. కొంతకాలంగా చూపు మసకబారుతూనే ఉంది, చికిత్స లేదని డాక్టర్లు తేల్చారు. ఉలి చేతిలో పట్టుకుని నా మీదకు వంగింది, గీత కనబడక ఉలి పక్కన పెట్టింది. తర్వాత సుంకులమ్మను పిలిచింది. ఆ పిల్ల అప్పటికి పదో తరగతి.

"నేను దేన్ని చూస్తే అదే కనపడల్యా పాపా. చుట్టూ ఉండేదంతా కనపడతాది. కన్ను నువ్వే చెయ్యాల."

సుంకులమ్మ చేతులు వెనక్కి దాచుకుంది. దానికి కారణం ఉంది. అరిగిపోయిన హవాయి చెప్పుల మీద బొమ్మలు చెక్కి పిల్లలందరూ అచ్చు వేయడం నేర్చుకున్న రోజున, టీచర్ "కన్ను వదిలెయ్" అంటే ఈ పిల్ల కాకి కన్ను తవ్వి పారేసింది. రంగులు వేసే క్లాసులో వదిలేయడమంటే తెల్లగా ఉంచడం కదా, ఇక్కడా అంతే అనుకుంది. అచ్చులో గుడ్డికాకి వచ్చింది. క్లాసంతా విరగబడి నవ్వారు. "రంగుల్లో వదిలేస్తే తెలుపు, చెక్కలో వదిలేస్తే నలుపు. ఈడ వదిలెయ్యడమంటే ముట్టుకోకపోవడం" అని టీచర్ విడమరిచి చెప్పింది కానీ, ఆ నవ్వు ఆ పిల్ల చెవుల్లోంచి పోలేదు.

ఇప్పుడు చెక్కవలసింది పసుపు వలయం. దాని మధ్యలో నువ్వుగింజంత కనుపాపను వదిలేయాలి. ఉలి ఒక్క పిసరు జారితే అది ఎగిరిపోతుంది.

"నాకు రాదు టీచర్. మళ్లీ గుడ్డిది చేస్తా."

"నువ్వు కాకపోతే ఇది ఇంక ఎవరూ చెయ్యరు. నాకు ఇంకో చెక్క చెక్కే కళ్లు లేవు."

ఆ పిల్ల కళ్లు తుడుచుకుని కూర్చుంది. ఉలి వెంట్రుకవాసి చొప్పున నాలోకి దిగింది. ఎన్ని కంపాసు ముళ్లను భరించాను, ఇంత మెల్లగా ఎవరూ నన్ను తాకలేదు. నా ఒళ్లు పొట్టుగా రాలుతోంది. వలయం పూర్తయ్యే చోట ఉలి ఆగిపోయింది. మళ్లీ కదిలింది. అయిపోయాక తలెత్తలేదు.

"చూడండి టీచర్."

చూడమనగానే తన పొరపాటు తెలిసి నాలుక కరుచుకుంది. టీచర్ నవ్వి, చూపుడువేలు నా మీద పెట్టింది. మెడ గాడిలోంచి పైకి, టోపీ అంచు వెంబడి, వలయంలోకి. అక్కడ ఆగింది. నువ్వుగింజంత ఎత్తు ఆమె వేలి కొసకు తగిలింది. అరణ్యంలో ఎన్ని చూశానో గుర్తులేని నేను, ఒక మనిషి వేలితో చూడడం అప్పుడే చూశాను. ఆ ఆశ్చర్యం నాకింకా తీరలేదు.

"ఉండాది" అంది. "నన్నే చూస్తాండాది."

ఇటుకరంగు, నలుపు కూడా సుంకులమ్మ చేతి మీదుగానే పూర్తయ్యాయి. ఆ బొమ్మ ఇప్పుడు ఊళ్లో క్యాలెండర్ల పక్కన, దేవుడి పటాల పక్కన, మసీదు వీధిలో తలుపుల మీద ఉంది. నాలో మిగిలింది వదిలేసిన చోటు మాత్రమే. టోపీ, రెక్క అంచు, కన్ను. నా చేత ఆ రంగుల అచ్చు ఇంకోటి వేయించలేరు. డ్రాయింగ్ గది గోడకు తగిలించారు. వెనక పేర్లు గోడవైపు తిరిగి ఉన్నాయి, వాటినెవరూ చదవరు.

సుంకులమ్మ ఇప్పుడు అదే బడిలో డ్రాయింగ్ టీచర్. ఆదివారాలు బీడుకు పోతుంది. అక్కడ కొంత భాగం ఇంకా ఎవరూ దున్నలేదు. ఎప్పుడో రిటైరైన ఖాసింబీ టీచర్ని మొన్న చేయి పట్టుకుని నా దగ్గరకు తీసుకొచ్చింది.

"ఇన్నేండ్లు తిరిగినా టీచర్. ఆ పిట్ట ఒక్కసారి గూడా కనపడల్యా. ఇంక లేదేమో."

"కనపడకపోతే లేనట్టేనా పాపా? నువ్వు నాకు కనపడతాండావా?"

 సుంకులమ్మ టీచర్ చేతిని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. ముసలామె రెండో చేతి వేలు అప్పటికే నా మీద ఆ నువ్వుగింజను వెతుక్కుంది.