ఫిల్టరులో చిక్కిన మాటలు

మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు కాశీవిశ్వనాథం టెక్కలిలో పెన్షనర్ల సంఘానికి నడిచి వెళ్లేవాడు. ఆ రెండు రోజులూ అతని భార్య మేనల్లుడు గిరీష్ కారు కడిగించుకొస్తానని తీసుకెళ్లేవాడు. కారు మెరుస్తూనే తిరిగొచ్చేది. పెట్రోలు ముల్లు మాత్రం కిందికి దిగి ఉండేది. రెణ్ణెల్లుగా కాశీవిశ్వనాథం ఆ ముల్లునే చూస్తున్నాడు. ఎవరూ లేనప్పుడు వంగి, టైర్ల సందుల్లో ఏ ఊరి మట్టి ఉందో వేలితో తీసి చూస్తున్నాడు.

"వీడు పెట్రోలైనా అమ్ముకుంటున్నాడు, లేదంటే నా కారేసుకుని ఎక్కడికో తిరుగుతున్నాడు," అన్నాడు భార్యతో. "దొరికాడా, ఆ రోజే పెట్టె సర్దించి పంపేస్తాను."

గిరీష్‌కి టెక్కలి కాలేజీలో ఉద్యోగం. మేనత్త ఇంట్లోనే ఉంటున్నాడు. మంగతాయారు భర్తకి జవాబు చెప్పలేదు. ఆవిడ ఊరుకోవడం కూడా అతనికి అనుమానంగానే తోచింది.

కారు నల్లటి పొగ వదలడం మొదలెట్టాక ముగ్గురూ పలాసలో ఓ మెకానిక్ షెడ్డుకి వెళ్లారు. కార్బురేటర్ కాలపు బళ్లు బాగుచేసేవాళ్లలో ఆ చుట్టుపక్కల మిగిలింది నూకరత్నం ఒక్కతే. ఆవిడ ఇంజను ఆడించి పొగ వాసన చూసింది. ప్లగ్గులు విప్పింది. కాటుక పట్టినట్టు ఉన్నాయి.

"పెట్రోలు ఎవులూ తియ్యనేదు బాబూ," అంది. "బండికి గాలి సాల్నేదు. అందికే పెట్రోలు సగం మండకండా పొగయిపోతంది."

"ఎవరూ ఏమీ చెయ్యకుండా గాలెందుకు చాలదు?" అన్నాడు కాశీవిశ్వనాథం, గిరీష్ మీంచి చూపు తిప్పకుండా.

"కార్బురేటర్ చూడమ్మా," అంది మంగతాయారు. "ఫిల్టరు మొన్ననే మార్చాం. అది విప్పక్కర్లేదు."

ఫిల్టరు మార్చిన సంగతి కాశీవిశ్వనాథానికి తెలీదు. కార్బురేటర్ అన్న మాట భార్య నోట వినడం కూడా అదే మొదలు.

కార్బురేటర్ బాగానే ఉంది. నూకరత్నం ఫిల్టరు తీసి పక్కన పెట్టి మళ్లీ ఇంజను ఆడించింది. అంతదాకా దగ్గుతున్న ఇంజను కుదురుగా తిరిగింది. తప్పు ఫిల్టరుదేనని తేలిపోయింది. కాగితం తెల్లగానే ఉంది గానీ చేతికి బరువుగా ఉంది.

"మాటలు," అందావిడ. "కిక్కిరిసిపోనాయి."

ఇంజను గాలితో పాటు బండిలో అన్న మాటల్నీ, దారిలో వినబడ్డ వాటినీ పీల్చుకుంటుంది. అవి ఫిల్టరు మడతల్లో చిక్కుకుంటాయి. మామూలు బళ్లలో గుప్పెడు ఉంటాయి. మెకానిక్కులు పంపు గాలి పెట్టి ఊదేస్తారు, ఎవరూ వినరు.

"ఊదేయమ్మా," అంది మంగతాయారు గబగబా.

"ఊదొద్దు. దులుపు. నేను వినాలి."

నూకరత్నం మంగతాయారు కేసి చూసింది. "మాటలు ఎవులివో ఆలే సెప్పాల బాబూ, దులపాలో ఊదాలో."

"కారు నాది!"

గిరీష్ తల దించుకున్నాడు. మంగతాయారు కొంగు వేలికి చుట్టుకుంది. "దులుపు," అంది చివరికి.

నూకరత్నం ఫిల్టరుని ఓ డబ్బా అంచుకి తట్టింది. మొదట ఓ లారీ హారను రాలింది. సంతబొమ్మాళిలో చేపలమ్మే మనిషి కేక రాలింది. తరవాత గిరీష్ గొంతు.

"క్లచ్ నెమ్మదిగా వదులు, అత్తా. ఎదురుగా ఎవరూ లేరు."

"ఆగిపోయిందిరా!"

"మళ్లీ స్టార్ట్ చెయ్."

అవే మాటలు, మళ్లీ మళ్లీ. వెనక భావనపాడు సముద్రం హోరు.

కాశీవిశ్వనాథం మొహం ఎర్రబడింది. "నాకు తెలీకుండా డ్రైవింగా? ఎందుకు? నన్నొదిలేసి ఎక్కడికి పోదామని?"

నూకరత్నం ఇంకోసారి తట్టింది. అడుగు మడతలోంచి మంగతాయారు గొంతే, చాలా నెమ్మదిగా వచ్చింది.

"మొన్న నౌపడ రోడ్డులో ఆ సైకిలాయన్ని మీ మావయ్య చూడనేలేదురా. నేను అరిస్తే బ్రేకు వేశారు. పొద్దు వాలితే ఆయనకి కళ్లు ఆనడం లేదు. చెప్తే ఒప్పుకోరు. ఏదో రోజు ఎవరి ప్రాణమో తీస్తారు, లేదా ఆయనే..."

ఆ తరవాత ఏడుపు. అది రాలడానికి చాలాసేపు పట్టింది. బరువంతా దానిదే.

సైకిలాయనే అడ్డం వచ్చాడని అప్పట్లో కాశీవిశ్వనాథం సంఘంలో అందరికీ చెప్పాడు. తనకి తాను కూడా అదే చెప్పుకున్నాడు.

నూకరత్నం ఫిల్టరు బిగించి, చేతులు తుడుచుకుంటూ లోపలికెళ్లిపోయింది. బయట పొద్దు కొబ్బరిచెట్ల వెనక్కి దిగుతోంది.

"లైసెన్సు?" అన్నాడు అతను.

"వచ్చి వారమైంది మావయ్యా," అన్నాడు గిరీష్. "అత్త బియ్యం డబ్బాలో దాచింది. ఇవాళ సంచీలో తెచ్చుకుంది."

కాశీవిశ్వనాథం డ్రైవరు వైపు తలుపు తెరిచాడు. తెరిచి, ఎక్కకుండా నిలబడ్డాడు. తలుపు అలాగే వదిలేసి, బానెట్ మీద చెయ్యి ఆనించుకుంటూ చుట్టూ తిరిగి, ఎడమవైపు వెళ్లి కూర్చున్నాడు.

"తాళం బండికే ఉంది," అన్నాడు, భార్య వైపు చూడకుండా.

షెడ్డు గుమ్మంలో కారు ఒకసారి ఆగిపోయింది. రెండోసారికి కదిలింది. పొగ లేదు. కాశీవిశ్వనాథం ఆవిడ చేతుల్నీ కాళ్లనీ మార్చి మార్చి చూస్తున్నాడు. కాశీబుగ్గ దాటకముందే సీటు అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"ఎదురుగా లారీ వస్తోంది, చూసుకో!"

మంగతాయారు గేరు మార్చింది.

"అది బస్సండీ."

బస్సు పక్కనుంచి వెళ్లిపోయింది. కాశీవిశ్వనాథం కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకోకుండా జేబులో వేసుకున్నాడు.