నిలబడి చెప్పే సాక్ష్యం

దేవుడు ఉన్నాడా లేడా అన్న తగవు మా ఇంట్లో ఎన్నడూ లేదు. ఉన్నాడని ఎలా తేల్చాలన్నదే తగవు. నాన్న ప్రసాదరావు తాడేపల్లిగూడెం కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. "లోకం ఉందంటే దానికో కారణం ఉండి తీరాలి. బుర్రతో ఆలోచిస్తే చాలు, వేరే రుజువులెందుకు?" అనేవారు. అమ్మకు అన్న, పెదపాడులో చేపల చెరువులున్న యేసుదాసు మావయ్య ఒప్పుకునేవాడు కాదు. "బావగారూ, మీ తర్కంతో ఒక్కడికైనా జ్వరం తగ్గిందాండీ? ప్రార్థనతో జరిగే స్వస్థతలు చూడండి, అవీ రుజువులంటే!" అనేవాడు. ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరూ భోజనాల దగ్గర ఇలా వాదించుకుంటుంటే అమ్మ ప్రభావతి చేపల పులుసు వడ్డించేది. ఆవిడేమనుకుంటుందో ఎవరూ అడగలేదు.

అమ్మకు షుగరు. కాలికి పుండు లేచింది. మావయ్య ప్రార్థన చేశాడు, పుండు పైపైన ఎండింది. అంతే, ఆ ఆదివారమే అమ్మను చర్చిలో అందరి ముందూ నిలబెట్టి, స్వస్థత పొందానని సాక్ష్యం చెప్పించాడు. సాక్ష్యం చెప్పాక మళ్లీ మందు ముట్టుకుంటే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టేనని మా చర్చి సంఘంలో పట్టింపు. అమ్మ ఇన్సులిన్ మానేసింది.

నేనుండే గణపవరం నుంచి వచ్చేసరికి కాలు నల్లబడిపోయింది. ఇన్సులిన్ సీసాలు ఫ్రిజ్‌లో పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"మానేసిందని మీకు తెలుసా నాన్నా?"

"తెలుసమ్మా. మీ మావయ్య రుజువు ఎన్నాళ్లు నిలబడుతుందో చూద్దామనుకున్నాను."

చూద్దామనుకున్నారట! పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. నాకు ఒళ్లు మండిపోయింది.

ఏలూరు ఆస్పత్రిలో కాలు మోకాలి దాకా తీసేశారు. అమ్మకు మెలకువ వచ్చిందో లేదో, మంచం పక్కనే ఇద్దరూ మళ్లీ మొదలుపెట్టారు.

"ప్రాణం దక్కింది కదా బావగారూ. ఇంతకంటే రుజువేం కావాలండీ?"

"కంటికి కనిపించింది మోసం చేస్తుందని నేను ముందే చెప్పలేదా?"

సిగ్గు లేని మనుషులు. నేను నోరు తెరిచేలోపు మావయ్య అమ్మవైపు వంగాడు.

"చెల్లెమ్మా, ప్రాణం దక్కిందని సంఘంలో సాక్ష్యం చెప్పాలమ్మా."

"చెబుతానన్నయ్యా," అంది అమ్మ. "దేవుడున్నాడని నాకెప్పుడూ అనుమానం లేదు. కానీ సాక్ష్యం నిలబడే చెప్పాలి కదా. నువ్వొక పక్కన పట్టుకో. ఏవండీ, మీరింకో పక్కన పట్టుకోండి. ఎవరేం చేశారో జరిగింది జరిగినట్టు చెబుతాను."

ఇద్దరిలో ఒక్కరూ సరేననలేదు.