చెరిపిన గొంతు

గలగల.

ఎండిన తురాయి కాయల చప్పుడు. గుప్పెట్లో గింజలు పట్టుకుని ఎవరో చెవి దగ్గర ఊపుతున్నట్టు.

ఆ చప్పుడు వినబడగానే అనుకున్నాను — వచ్చేశాను, ఇది మా కాలేజీయే. సైకిల్ స్టాండు దాటి, సైకాలజీ విభాగం మెట్లెక్కుతూ, ఏడాది కిందటి అలవాటుతో కుడివైపు చూశాను.

చెట్టు లేదు.

మోకాలెత్తు మొద్దు ఉంది. దానిమీద ఎవరిదో టిఫిన్ డబ్బా.

మరి చప్పుడు?

చెవికింకా పాత అలవాటు పోలేదు కాబోలు... మనసు చేసే మాయల గురించి మూడేళ్లు చదివినదాన్ని. ఆ మాత్రం సర్దిచెప్పుకోగలను.

వరండా చివర అటెండరు బాబాయి. అదే స్టూలు. అదే కునుకు.

"ఏమ్మా చివరి బెంచీ! ఉద్యోగం దొరికిందా?"

"వెతుకుతున్నా బాబాయ్. అది కూడా నన్ను వెతుకుతోందట. ఇద్దరం ఎదురుపడట్లేదు."

పకపకా నవ్వాడు. "సర్టిఫికెట్ కోసమా? గుమాస్తా భోజనానికి వెళ్లాడు, కూర్చో. మీ చెల్లి క్లాసులో ఉంది. అచ్చు నీ గొంతేనమ్మా ఆ పిల్లది. మొన్న వెనకనుంచి పిలిస్తే నువ్వే వచ్చావనుకున్నా!"

చెల్లిని ఇక్కడ చేర్పించింది నేనే. ఇంకో చోట సీటొచ్చినా చేరనివ్వలేదు. మేడమ్ లాంటి మనిషి ఎక్కడా దొరకదే, అన్నాను.

మేడమ్.

చివరి సంవత్సరంలో మాకు 'వినే గంట' ఉండేది. ఒకరు చెప్పాలి. ఒకరు వినాలి. మధ్యలో బల్లమీద అరచేయంత రికార్డరు, కిటికీ అవతల తురాయి చెట్టు. చెప్పేది నిజమై ఉండాలి — అబద్ధాలు వింటూ వినడం నేర్చుకోలేరని మేడమ్ మాట. గంట అవగానే రికార్డరును చెప్పినవాళ్ల ముందుకు జరిపేవారు.

"చెప్పినవాళ్లే చెరపాలి" అనేవారు.

ఎర్ర బొత్తాం. నా వేలితో నేనే నొక్కాను. అంకెలు సున్నా అయ్యేదాకా కళ్లార్పకుండా చూశాను. మేడమ్ నా తలమీద చెయ్యి వేశారు.

ఆ రోజు నాకు ఆకలేసింది. ఎన్నేళ్ల తరవాతో — నిజంగా ఆకలేసింది.

గలగల.

ఈసారి తెలిసింది. చప్పుడు బయటినుంచి కాదు.

తరగతి గదిలోంచి.

తలుపు ఓరగా ఉంది. కాయల చప్పుడు వెనక ఒక గొంతు. సన్నగా, కాస్త బొంగురుగా. ఎవరో పాపం, ఇంత పిరికిగా మాట్లాడుతోంది... అనుకున్నాను. రికార్డులో మన గొంతు మనకే పరాయిదిలా వినిపిస్తుంది. అదీ చదివాను. పరీక్షలో రాశాను కూడా.

"...మధ్యాహ్నం. పక్కగదిలోంచి నాన్న పిలిచారు. కీచ్... అని."

పేరున్న చోట కత్తిరించి, ఒక కీచుమోత అతికించారు.

ఆ మోత కింద ఏ ముద్దుపేరుందో మా ఇంట్లో నలుగురికే తెలుసు. అందులో ఒకరు లేరు. ఒకరు ఆ గదిలోనే, మూడో వరసలో కూర్చుని ఉన్నారు.

"దాహం అన్నారు. మర్నాడు నాకు పరీక్ష. ఈ పేజీ అవగానే లేద్దామనుకున్నాను. మళ్లీ పిలిచారు. మూడోసారి పిలవలేదు. గ్లాసు కోసం మంచం మీదనుంచి తనే వంగి... పడిపోయారు. పది రోజులు. అంతే."

గలగల.

"ఇంట్లో లేనని చెప్పాను. కొట్టుకెళ్లానని. ఆ గ్లాసు అక్కడ పెట్టి బడికి వెళ్లింది మా చెల్లి. దూరంగా పెట్టానని, తనవల్లే నాన్న పోయారని ఇప్పటికీ ఏడుస్తుంది. నేను..."

గొంతు ఆగింది.

"లెక్కపెట్టండి" — ఇది మేడమ్ గొంతు. ఇప్పటిది.

గదంతా లెక్కపెట్టింది. నా మౌనాన్ని.

"ఏడు సెకన్లు. ఇందులో ఏముంది? చెప్పండి."

"జాలి కావాలి మేడమ్ ఆవిడకి" అన్నారెవరో.

"నిద్రొచ్చిందేమో!" అన్నారింకెవరో. నవ్వులు.

ఆపిన రికార్డింగు మళ్లీ మొదలైంది. ఆ నవ్వుల మీదుగా నా గొంతు వాక్యం పూర్తి చేసింది.

"...ఏడవనిచ్చాను."

కలాలు కదిలాయి. వంచిన తలలు, వంచిన మెడలు. మూడో వరసలో ఒక్క జడ మాత్రం కదలలేదు.

గంట కొట్టారు.

ముందు మేడమ్ బయటికొచ్చారు. నన్ను చూశారు. తలుపు చూశారు. మళ్లీ నన్ను.

"నువ్వా! ఎంతసేపైందమ్మా?"

"చెరిపాం కదా మేడమ్. నేనే నొక్కాను."

"అది రికార్డరులోది. ఇంకోటి కంప్యూటర్లోకి వెళ్తుంటుంది... పాఠం కోసమేనమ్మా. నీ పేరు తీసేశాను కదా. ఎవరికి తెలుస్తుంది?"

నా భుజంమీద చెయ్యి వేశారు. అదే చెయ్యి. గొంతు తగ్గించారు. అందులో ప్రేమ ఉంది — అబద్ధమాడలేను — నిజంగానే ఉంది.

"అలాంటి మౌనం నాకు మళ్లీ ఎవరి దగ్గరా దొరకలేదు."

"మూడో వరసలో పిల్ల మా చెల్లెలు మేడమ్."

"ఏ పిల్ల?" అన్నారు.

స్టూలు మీద కునికే మనిషికి తెలుసు. తలమీద చెయ్యి వేసిన మనిషికి తెలియదు.

పిల్లలందరూ వెళ్లిపోయారు. నవ్వినవాళ్లు కూడా నన్ను తప్పుకుని, "సారీ అక్కా" అంటూ మర్యాదగా వెళ్లారు. మేడమ్ చేతిగడియారం చూసుకుంటూ వెళ్లారు. చిట్టచివర చెల్లి వచ్చింది. పుస్తకం గుండెకు అదుముకుని.

ఏడవలేదు. అందుకే భయం వేసింది. చిన్నమాటకే కళ్లల్లో నీళ్ల కుండ పెట్టుకునే పిల్ల.

ఎన్నో అనొచ్చు. ఆ గొంతు నాది కాదనొచ్చు. నీ గొంతూ అలాగే ఉంటుందటే, బాబాయే అన్నాడు, అనొచ్చు. కొట్టుకే వెళ్లానని ఇంకోసారి అనొచ్చు...

"ఎండలో వచ్చావా అక్కా?"

మామూలు గొంతు. రోజూ వినే గొంతు. మూడేళ్ల చదువు దాన్ని చీల్చి చూడబోయింది. లోపల ఏమీ చేతికి తగల్లేదు.

సంచిలోంచి నీళ్ల సీసా తీసింది. వరండా పిట్టగోడ మీద పెట్టింది. నాకు బారెడు దూరంలో.

సీసాను చూసింది. నన్ను చూసింది. ఒక వేలితో, మెల్లగా, నావైపు తోసింది. జానెడు.

"అందుతుందా?"

నా పెదాలు ఎండిపోయి ఉన్నాయి. చెయ్యి లేవలేదు.

ఒకటి... రెండు... మూడు...

ఎవరం లెక్కపెడుతున్నామో తెలియదు. నేనో, తనో.

నాలుగు... అయిదు...

మొద్దు మీదుగా గాలి వచ్చింది. టిఫిన్ డబ్బా ఎవరో తీసేసుకున్నారు. చెట్టు లేదు. కొమ్మ లేదు. ఒక్క కాయ లేదు.

గలగల.