రంగు కింది గీతలు

రెండో ఏడాది పిల్ల ఒక కాలికే చెప్పుతో బయటికొచ్చింది.

కెమిస్ట్రీ ల్యాబు వెనక చిన్న గదిలో సారు రికార్డులు దిద్దుతాడు. ఆడపిల్లల్ని మాత్రం ఒక్కొక్కరినే పిలుస్తాడు. పిల్ల లోపలికెళ్లగానే తలుపు లాగి, ఎదురుగా స్టూలేసుకుని కూర్చోవడం అటెండరమ్మ పని. లోపల గడియ పడేది. ఆ రోజు ఆ పిల్ల స్నేహితురాలు తలుపు కొట్టబోతే ఆపింది తనే. "సారు దిద్దుతున్నారమ్మా, కాసేపాగు."

ఆ మాట ఆమెను వదల్లేదు. పెళ్లయి రెండు నెలలు. భర్త అదే కాలేజీలో వడ్రంగి. అతని జుట్టులో చిక్కుకున్న చెక్కపొట్టు చూసినా నవ్వొచ్చేది ఆమెకు. ఇప్పుడు ఇంట్లో అతను తలుపేస్తే చాలు, ఉలిక్కిపడుతోంది. ఆ పిల్ల చదువు మానేసింది. రికార్డు బీరువాలోనే ఉంది, సంతకం లేకుండా.

విద్యార్థినులు కారిడార్‌లో బైఠాయించారు. ప్రిన్సిపాల్ వచ్చాడు, వెనకే సారు.

"మూసిన గదిలో ఏం జరిగిందో ఎవరు చూశారు? సాక్ష్యం తెండి. ఇకమీదట ఇద్దరిద్దరు వెళ్లండి, సరిపోతుంది."

"మాకు మేమే కాపలానా? ఆయన్నే బయట కూర్చుని దిద్దమనండి!"

"ఫిజిక్స్‌లోనూ అలాంటి గదే ఉంది!" అరిచింది ఇంకో అమ్మాయి.

అటెండరమ్మ లేచింది. "తలుపేసింది నేనే సార్."

"నోర్మూసుకో. నీ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు," అన్నాడు ప్రిన్సిపాల్.

"ఇన్నాళ్లూ మూసుకునే ఉన్నా సార్. నిద్ర పట్టట్లేదు."

ఊడ్చే అవ్వ చీపురు కింద పడేసింది. "ఆ గదిలో తెగిన గుండీలు ఎన్నిసార్లు ఊడ్చానో! ఎవరితో చెప్పను తల్లీ?"

గొడవ విని పనిముట్ల సంచితో వచ్చి నిలబడ్డ భర్త వైపు తిరిగింది అటెండరమ్మ. "ఏవండీ, ఆ తలుపు ఊడదీస్తారా?"

"కొత్త పెళ్లాం మొదటిసారి నోరు తెరిచి అడిగింది, కాదంటానా?" అంటూ అతను స్క్రూడ్రైవర్ తీశాడు.

ఊడిన తలుపుని పదిమంది అమ్మాయిలు మోసుకొచ్చి ప్రిన్సిపాల్ కాళ్ల ముందు పెట్టారు, లోపలి వైపు పైకి ఉండేలా. గడియ కింద గోటి గీతలు. కొన్ని కొత్తవి. కొన్ని రంగు కింద ఉన్నవి. సారు ఒక అడుగు వెనక్కి వేశాడు.

వడ్రంగి వాటి మీద వేళ్లు పెట్టి తీయలేకపోయాడు. "నిరుడు ఈ రంగు వేసింది నేనే. చెక్క దెబ్బతిందనుకున్నా..."

కాలేజీ ఆస్తి పాడుచేశారని పోలీసులొచ్చి ఇద్దరినీ జీపెక్కించారు. సారుని కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు.

"కొత్త జంటని బాగానే ఊరేగిస్తున్నారు," అంది ఆమె, అతని చెయ్యి పట్టుకుని.

"అన్నా, ఆ స్క్రూడ్రైవర్ ఇటివ్వు!" జీపు దగ్గరికి పరిగెత్తుకొచ్చి చెయ్యి చాపింది ఓ అమ్మాయి.

జీపు కదిలేలోపే ఫిజిక్స్ ల్యాబు వైపు నుంచి, గడియ ఊడి నేల మీద పడ్డ చప్పుడు వినిపించింది.