నన్ను దానమిచ్చిన సభలు

నేను ఒక చక్రాల కుర్చీని. కుర్చీ అనగానే పదవీ, అధికారమూ అని ఊహించుకోకండి. నా మీద కూర్చునేవాళ్లకు ఆ రెండూ ఉండవు. ఒక రేకుల షెడ్డులో గొట్టాలు వంచి, వెల్డింగు పెట్టి, నల్ల రెక్సిన్ సీటు బిగించి నన్ను తయారు చేశారు. చేసినాయన ఆఖరున తానే కూర్చుని షెడ్డంతా ఒక చుట్టు తిరిగి, బాగానే పోతోందన్నాడు. ఇక జన్మంతా ఎవరో ఒకరిని మోస్తూ బతుకుతానని ఆ రోజు తెగ సంబరపడ్డాను. పిచ్చిదాన్ని.

నన్ను కొన్నది ఆరోగ్య సమతా వేదిక అనే సంఘం. ఉన్నవాడికో వైద్యం, లేనివాడికో వైద్యం ఏమిటని ఊరూరా సభలు పెట్టి నిలదీయడం దాని పని. ముఖ్య వక్త పరాంకుశం గారు, రిటైరైన ప్రొఫెసరు. పేటల్లో పుట్టిన పాపానికి మనుషులు ముందుగా చచ్చిపోవడం గురించీ, కులం అడిగి నాడి పట్టే డాక్టర్ల గురించీ ఆయన చెబుతుంటే, ఇనుప ముక్కనైన నాకే గుండె చెరువయ్యేది. చెప్పేదంతా నిజమే. అదే నా ఏడుపు.

సభ చివర్లో నన్నొక నిరుపేదకు బహూకరిస్తారు. శాలువా కప్పి, దండ వేసి ఫోటోలు తీస్తారు. జనం భోజనాలకు లేవగానే ఆ మనిషిని దింపేసి, నన్ను మళ్లీ వ్యానెక్కిస్తారు. నా వీపుకున్న ప్లాస్టిక్ తొడుగును కార్యదర్శి కామేశం గారు ఒక్కనాడూ తీయనివ్వలేదు. అందుకని ఏ ఊరెళ్లినా నేను కొత్త పెళ్లికూతుర్నే.

రేపల్లెలో ఒక కల్యాణమండపంలో నన్ను ఎస్తేరమ్మకు ఇచ్చారు. షుగరు జబ్బు మనిషి. కాలికి గాజుపెంకు గుచ్చుకుని ఆసుపత్రికి పోతే, దగ్గరికొచ్చి చూసిన నాథుడు లేడు. దూరం నుంచే మాత్రలిచ్చి పంపేశారు. పుండు ముదిరి ఒక కాలు తీసేశారు, రెండోది చచ్చుబడింది. కొడుకు ఏసోబు మార్కెట్టులో మూటలు మోస్తాడు. ఆ పొద్దున అమ్మను వీపున వేసుకొచ్చి మండపంలో కూర్చోబెట్టి, సాయంత్రం వస్తానని పనికి పోయాడు. ఎలాగూ కుర్చీలో ఇంటికొచ్చేస్తానుగా అందట ఆమె.

నా మీద కూర్చోగానే ఆమె చక్రాలు తడిమింది. ముందుకొక జానెడు, వెనక్కొక జానెడు తోసి చూసుకుని నవ్వింది. పరాంకుశం గారు మైకు ఆమె నోటి దగ్గర పెట్టి, నీ కష్టం నీ నోటితో చెప్పమ్మా అన్నారు. ఎస్తేరమ్మ సిగ్గుపడింది, కొంగు సర్దుకుంది, ఆనక చెప్పింది.

"మావోడు పొద్దుగూకి వస్తాడు బాబూ. అందాకా గుక్కెడు నీళ్లు గూడా తాగను. తాగితే వీధి చివర దొడ్డికి పోవాల గదా, నన్నెవురు మోస్తారు?"

పరాంకుశం గారు కళ్లజోడు తీసి కళ్లు ఒత్తుకున్నారు. నిజంగానే ఏడ్చారు, నేను చూశాను. తన కోసం పెట్టిన నీళ్ల సీసా మూత తిప్పి ఆమె చేతిలో పెట్టారు.

"తాగు తల్లీ. ఇవాళ్టి నుంచి నువ్వు ఎవరి కోసమూ కాచుకోనక్కర్లేదు."

ఆమె తాగింది. మొదట భయం భయంగా, తర్వాత గటగటా, సీసా ఖాళీ అయ్యేదాకా తాగింది. చప్పట్లతో పైరేకులు అదిరిపోయాయి. ఆ సంతోషంలో ఆమె ఇంకో సీసా కూడా అడిగి తాగింది.

భోజనాలప్పుడు కామేశం గారు వచ్చి దిగమన్నారు. ఇది సభల కోసం ఉంచిందనీ, ఆమె కుర్చీకి ఆర్డరు పెట్టామనీ, వస్తుందనీ మర్యాదగానే చెప్పారు. ఎస్తేరమ్మ నా చేతులు గట్టిగా పట్టుకుంది. దేవుడి మీద ఆన, నేను కూడా ఆమెను పట్టుకోవాలనుకున్నాను. కానీ నాకు చక్రాలిచ్చినవాడు పట్టు ఇవ్వలేదు. తోసినవాడి వైపు పోవడమే నా బుద్ధి.

"ఒక్కపాలి దొడ్డికాడికి తీసకపొండయ్యా. ఆనక మీ కుర్చీ మీరు తీసుకోండి," అంది.

కామేశం గారు వాచీ చూసుకున్నారు. కారెక్కుతున్న పరాంకుశం గారిని ఆమె కేకేసింది. ఆయన చేతులు జోడించి, కామేశం చూసుకుంటాడమ్మా అని తలుపు వేసుకున్నారు. ఇద్దరు కార్యకర్తలు ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, ఎత్తి మండపం బయట అరుగు మీద దించారు. కప్పిన శాలువా మాత్రం వెనక్కి తీసుకోలేదు, అది నాసిరకం.

వ్యానులో బ్యానర్లు సర్దుతున్నంతసేపూ నేను ఆమెనే చూస్తున్నాను. మొదట పళ్లు బిగపట్టింది. అటుగా పోతున్న ఇద్దరు ముగ్గురిని పిలిచింది. తర్వాత పిలవడం మానేసి, శాలువా తీసి ఒడిలో పరుచుకుని, తల వంచేసింది. మండపం కాపలాదారు వచ్చి అరుగు పాడు చేశావని తిట్టి, బకెట్టుతో నీళ్లు కొట్టాడు. ఎండ ఇంకా నడినెత్తినే ఉంది, ఏసోబు రావడానికి చాలా పొద్దుంది.

తర్వాతి సభ బాపట్లలో. పరాంకుశం గారు ఆమె కథ చెప్పారు. నీళ్లు తాగని తల్లి అని ఆమెకు పేరు పెట్టారు. ఎంత బాగా చెప్పారంటే, ముందు వరస ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. చివర మైకు దగ్గరగా లాక్కుని, మన వేదిక పుణ్యాన ఎస్తేరమ్మ ఇప్పుడు కడుపునిండా నీళ్లు తాగుతోందన్నారు. ఒకటే చప్పట్లు. నా మీద దండ వేసుకుని కూర్చున్న ముసలాయన కూడా, ప్లాస్టిక్ తొడుగు గలగలమనేలా ముందుకు వంగి, రెండు చేతులా కొట్టాడు.