మూడో బెడ్ కాగితం

మోచేతులదాకా రుద్దుకోవడానికి అయిదు నిమిషాలు. ఆ తర్వాత టోపీ, మాస్కు, గౌను, రెండు జతల గ్లవ్స్. పాలబాబాయి ముక్కు సరిగ్గా అప్పుడే దురద పెడుతుంది. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. గోక్కుంటే మళ్లీ మొదటినుంచీ రుద్దుకోవాలి కనుక అలాగే ఓర్చుకుంటాడు. సొంత ముక్కు మీద కూడా అధికారం లేని ఉద్యోగం.

కిటికీ లేని గది. పైనుంచి వడగట్టిన గాలి హోరు. నెలలు నిండకుండా పుట్టి, పాలు తాగలేని పిల్లలకు నరంలోకి ఎక్కించే తిండిని అతడు అక్కడ కలుపుతాడు. బిడ్డకు రోజుకొక సంచీ. పంచదార నీళ్లు, మాంసకృత్తులు, లవణాలు. అన్నీ తేటగా ఉన్నాయో లేదో వెలుతురులో పట్టి చూశాకే, చివర కొవ్వు. అది పడగానే సంచీ పాలలా తెల్లబడుతుంది. అతడికా పేరు అందుకే వచ్చింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ పిల్లలకు అడగడం రాదు, అమ్మకు పెట్టే వీలు లేదు. మధ్యలో ఇతడు.

ఇంతా చేసి ఒక్క బిడ్డనూ చూడలేదు. వార్డు మూడంతస్తుల పైన. ఎవరికేం కలపాలో రాసి వార్డు నుంచి రోజూ పంపే కాగితాల మీది బరువులే అతడికి తెలిసిన పిల్లలు. ఇంటికి వెళ్లగానే భార్య "మన పిల్లలెలా ఉన్నారు?" అంటుంది. "బాగున్నారు" అంటాడు. నిజానికి అతడికేమీ తెలియదు. ఒక రోజు ఎవరి కాగితమైనా రాకపోతే, ఆ బిడ్డ పాలు తాగడం మొదలుపెట్టి ఉండాలి, లేదా పోయి ఉండాలి. రెంటిలో ఏదో ఎప్పుడూ అడగలేదు. గ్లవ్ కొసన కంటికి కనబడని క్రిమి ఒక్కటున్నా చాలు, సంచీలోంచి తిన్నగా నెత్తుట్లోకి పోతుంది. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని అతడి భయం.

ఇవాళ మూడో బెడ్ కాగితం రాలేదు. నలభై ఒక్క రోజులుగా తప్పకుండా వచ్చిన కాగితం. ఏడువందల ఎనభై గ్రాములతో మొదలై, నిన్నటికి పదకొండువందల నలభై. ఆడపిల్ల. ఆ పిల్ల పది గ్రాములు పెరిగినప్పుడల్లా తన ఒంటికే పట్టినట్టు మురిసిపోయాడు. ఈసారి ఊరుకోలేక, కాగితాలు అందించే చిన్న తలుపు దగ్గరికి వెళ్లి అవతలి ఫార్మసిస్టును పిలిచాడు.

"మూడో బెడ్ రాలేదేంటమ్మా?"

"వద్దన్నారు బాబాయ్. మిగతా ఆరూ తొందరగా కానివ్వండి."

"పాలు తాగుతోందా?"

"ఏమో, నాకేం చెప్పలేదు. ఫోన్ చేసి వద్దన్నారంతే."

ఇప్పుడు బయటికి పోతే మళ్లీ రుద్దుకుని, అన్నీ తొడుక్కుని వచ్చేసరికి ఆరు సంచులూ ఆలస్యమవుతాయి. ఆ ఆరుగురి ఆకలి అతణ్ణి గదిలోనే కట్టిపడేసింది. మనసు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నా, చేతులు ఒక్క చుక్క కూడా తేడా రానివ్వలేదు.

రెండింటికి బయటపడి, అన్నం కూడా తినకుండా మెట్లెక్కాడు. వార్డు తలుపు దగ్గర నర్సు ఆపింది.

"ఎవరు కావాలండీ?"

"మూడో బెడ్ పాప... నేను కింద తిండి కలుపుతానమ్మా."

ఆమె గొంతు తగ్గించింది. "పొద్దున ఏడింటికి పోయిందండీ. నిన్న సాయంత్రం ఉన్నట్టుండి ఒళ్లు చల్లబడింది. రక్తంలో ఇన్ఫెక్షన్ అన్నారు. వాళ్ల నాన్న ఇందాకే తీసుకెళ్లాడు."

"సంచీ వల్లేనా?"

"ఏం చెప్పగలమండీ? మందుల గొట్టం వల్ల కావచ్చు, మా చేతుల వల్లా కావచ్చు. పరీక్షకు పంపుతున్నారు. అయిదారు రోజులు పడుతుంది."

అయిదారు రోజులు. రేపు పొద్దున మళ్లీ ఈ చేతులతోనే ఆరు సంచులు కలపాలి. ఏడుపు ముంచుకొచ్చింది. ఏడవడానికి ఆ బిడ్డకు తానేమవుతాడో తెలియక తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

"ఒక్కసారి చూడొచ్చా అమ్మా, ఎక్కడుండేదో?"

నర్సు పక్కనున్న అద్దం చూపించింది. మూడో బెడ్ మీద పక్కబట్టలు తీసేసి, శుభ్రంగా తుడిచేశారు. ల్యాబు మనిషి వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దన్న సంచీ ఒక్కటే స్టాండుకు వేలాడుతోంది. అందులో సగం మిగిలిన తెల్లటి తిండి, పైనున్న చీటీలో 'కలిపినవారు' అన్నచోట గుండ్రంగా, పొందికగా అతడి సంతకం.