శిఖరం మీద తడి ముడి

జోగయ్య వేళ్లు పాడుచేసింది మీరే, ముదీర్ సాబ్. చలి కాదు, అతని అజాగ్రత్తా కాదు. మీరే.

గల్ఫ్‌లో, ఈ రాస్ అల్ ఖైమాలో బయట నలభై ఏడు డిగ్రీల ఎండ. మీరు మేనేజరుగా ఉన్న ఈ మంచు పార్కులో పొద్దున పూట మైనస్ పన్నెండు. ఎక్కడో ఆర్కిటిక్‌లో, మనుషులు పోని కొండల్లో ఒక శిఖరం ఉందట. దాని ఫొటోలు తెప్పించి, ఒక్కో పగులూ కొలిచి, పదిహేను మీటర్ల ఎత్తున అచ్చం అలాగే కట్టించారు. దాన్నెక్కి మంచు గడ్డలు గీకే మా చేతులు మాత్రం ఎవడూ కొలవలేదు. చూడవచ్చే పిల్లలకు బొచ్చు గ్లౌజులు. మాకు నూలువి.

జోగయ్యా నేనూ తొమ్మిదేళ్లు ఫుజైరా క్వారీలో తాడు మీద పని చేశాం. అక్కడ ముడి వేశాక నీళ్లు పోస్తాం. బిగుస్తుంది, జారదు. గురువారం పార్కు తెరవకముందు జోగయ్య శిఖరమెక్కి, నడుము తాడును ఇనుప కొక్కేనికి కట్టి, ముడి మీద నీళ్లు పోశాడు. కింద నుంచి చూస్తున్న నాకూ తప్పనిపించలేదు. మంచులో తాడు పని ఎట్లా చేయాలో మాకు ఒక్కరోజైనా నేర్పారా?

పని అయ్యాక ముడి ఊడి రాలేదు. రాయిలా గడ్డకట్టింది.

"భోజన్నా, ఊడ్తలేదే!" అని నాకేసి అరిచాడు. గ్లౌజులు తడిసిపోతే తీసేసి, ఉత్త వేళ్లతో లాగుతున్నాడు.

సూపర్‌వైజర్ సత్యప్రసాద్ వచ్చాడు. "ఏంటి జోగయ్యా, పైన కాపురం పెట్టేసేవా? యల్లా, తొందరగా దిగు!"

"లిఫ్ట్ బండి తెప్పియ్యి సార్, చేతులు తిమ్మిరెక్కినయ్," అన్నాడు జోగయ్య.

"లిఫ్టొస్తే కింద మంచంతా చక్రాల గుర్తులు పడిపోవా? పదింటికి జనం వచ్చేత్తారు. ముదీర్ నన్ను తింటాడు. నువ్వే ఇప్పుకో."

నలభై నిమిషాలు. చివరికి నేనే క్యాంటీన్ కత్తి నోట కరుచుకుని ఎక్కి తాడు కోశాను. దించేసరికి అతని నాలుగు వేళ్లు మైనంలా తెల్లబడ్డాయి. క్యాంపు క్లినిక్‌లో మలాం రాసి ఖలాస్ అన్నారు. ఈరోజు శనివారం. రెండు వేళ్ల కొనలు నల్లబడ్డాయి.

ఇప్పుడు నా ముందు కాగితం పెట్టి, "కార్మికుడి అజాగ్రత్త" అని సాక్షి సంతకం చేయమంటున్నారు. చేయను. మంచు మీద గుర్తు పడకూడదని ఆపిన లిఫ్ట్ సంగతి ఇందులో ఎక్కడుంది?

కాగితం చింపండి. కారు తీయించండి. జోగయ్యను పెద్దాసుపత్రికి పంపండి, రేపు కాదు, ఇప్పుడే. చలికి తగిన గ్లౌజులు వచ్చేదాకా, పని నేర్పేదాకా, ఆ శిఖరం మా వాళ్లెవరూ ఎక్కరు. మంచు గీకాలంటే మీరే ఎక్కండి.